లార్డ్ హారిస్: ఇంగ్లండ్ కెప్టెన్ నుంచి బొంబాయి గవర్నర్ దాకా (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఎవరీ లార్డ్ హారిస్? ఇప్పుడు ఆయన ఊసెందుకు?

పూర్తి పేరు జార్జ్ రాబర్ట్ కానింగ్ హారిస్. 1851 ఫిబ్రవరి 3న ట్రినిడాడ్‌లో పుట్టాడు, 1932 మార్చి 24న ఇంగ్లండ్‌లో పోయాడు. కెంట్ కౌంటీకి, ఇంగ్లండ్ టెస్ట్ జట్టుకు కెప్టెన్. 1890 నుంచి 1895 వరకు బొంబాయి గవర్నర్. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, లండన్‌లోని లార్డ్స్ మైదానం సొంతదారై అప్పట్లో ఇంగ్లిష్ క్రికెట్‌ను శాసించిన ఎంసీసీ క్లబ్బులో చక్రం తిప్పాడు.

సచిన్, కాంబ్లీ కలిసి కొట్టిన 664 పరుగుల కథ మనలో వినని వాళ్ళు తక్కువ. ఆ మ్యాచ్ హారిస్ షీల్డ్ అనే బొంబాయి స్కూళ్ళ టోర్నీలో జరిగిందని కూడా చాలామందికి తెలుసు. ఆ హారిస్ ఎవరంటే మాత్రం తెల్లమొహం వేస్తాం. తెలిసినవాళ్ళు చెప్పేదేమో "మన దేశంలో క్రికెట్‌ను పెంచి పోషించిన గవర్నర్" అని. ఆ మాటలో పావు వంతు కూడా నిజం లేదని నా అభిప్రాయం. ఎందుకో కింద వివరంగా రాశాను.

క్రికెట్ బాగా ఆడాడని గవర్నర్ పదవి ఇచ్చేశారా?

లేదు, పుట్టుకను చూసి ఇచ్చారు. తండ్రి మూడో బ్యారన్ హారిస్. 1872లో తండ్రి పోగానే 21 ఏళ్ళకే ఈయన నాలుగో బ్యారన్ అయిపోయాడు, అంటే ఓట్లు, ఎన్నికల గొడవ లేకుండా ప్రభువుల సభలో సీటు వచ్చి పడింది. చదువు ఈటన్, ఆక్స్‌ఫర్డ్. పార్టీ కన్సర్వేటివ్. 1885లో లండన్‌లోని భారత వ్యవహారాల శాఖలో ఉపమంత్రి, 1886లో యుద్ధ శాఖలో ఉపమంత్రి, 1890లో 39 ఏళ్ళకు బొంబాయి గవర్నర్.

అప్పట్లో ఐసీఎస్ ఉద్యోగులు పరీక్ష రాసి, ఏళ్ళ తరబడి జిల్లాల్లో ఎండకు ఎండి ఒక్కో మెట్టూ ఎక్కేవారు. బొంబాయి, మద్రాసు గవర్నర్ కుర్చీలు మాత్రం ఎక్కువగా లండన్ నుంచి నేరుగా దిగే ప్రభువులవే. క్రికెట్ చేసిన సాయం ఏమిటంటే, పదకొండు మందిని నడిపించగలిగినవాడు ప్రెసిడెన్సీని కూడా నడిపించగలడని ఆ కాలపు ఇంగ్లిష్ పెద్దలు నిజంగానే నమ్మేవారు. ఆ నమ్మకం ఎంత వరకు నిజమో హారిస్ ఐదేళ్ళ పాలన చూస్తే తెలుస్తుంది.

హారిస్ కుటుంబానికి దక్షిణ భారతంతో సంబంధం ఉందట, నిజమేనా?

ఉంది, అదీ చిన్న సంబంధం కాదు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడింది, టిప్పు సుల్తాన్ చనిపోయాడు. ఆ రోజు దాడి చేసిన సైన్యానికి సేనాధిపతి జనరల్ జార్జ్ హారిస్, మన హారిస్‌కు ముత్తాత. హైదరాబాద్ నిజాం సేన కూడా ఆ యుద్ధంలో ఇంగ్లిష్ వాళ్ళ పక్కనే ఉంది. కోటలో దొరికిన సొత్తు పంపకంలో ఆయన వాటాకు పెద్ద మొత్తమే వచ్చింది, ఆ డబ్బుతోనే కెంట్‌లో బెల్‌మాంట్ అనే ఎస్టేట్ కొన్నాడు. కుటుంబ బిరుదులో ఇప్పటికీ శ్రీరంగపట్నం, మైసూరు పేర్లు ఉన్నాయి.

ఇక తండ్రి 1854 నుంచి 1859 వరకు మద్రాసు గవర్నర్, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా ఆయనే ఏలిక. బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట పూర్తయింది ఆయన హయాంలోనే, 1855లో. 1856లో దక్షిణాదిలో మొదటి రైలు రాయపురం స్టేషన్ నుంచి బయల్దేరిందీ అప్పుడే. శిస్తు వసూళ్ళ కోసం రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణల మీద వేసిన కమిషన్, అవును నిజమే అని 1855లో తేల్చిందీ ఆ రోజుల్లోనే. ఆనకట్ట గురించి మన పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం, ఈ కమిషన్ గురించి మాత్రం పెద్దగా కనపడదు.

ఆటగాడిగా అంత గొప్పవాడా?

మంచి బ్యాట్స్‌మన్, మహా బ్యాట్స్‌మన్ కాదు. ఆడిన టెస్టులు నాలుగే, నాలుగింటికీ కెప్టెనే. ఫస్ట్‌క్లాస్‌లో దాదాపు 10 వేల పరుగులు, 11 సెంచరీలు. అప్పటి పిచ్‌లు ఎలా ఉండేవో తెలిస్తే ఇవి తీసిపారేసే అంకెలు కావు. చివరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడేనాటికి 60 ఏళ్ళు.

కెప్టెన్‌గా ఆయన కళ్ళ ముందు జరిగినవి మాత్రం భలేవి. 1879 జనవరిలో మెల్‌బోర్న్‌లో టెస్ట్ చరిత్రలో మొదటి హ్యాట్రిక్ ఆస్ట్రేలియా బౌలర్ స్పోఫోర్త్ తీశాడు, హారిస్ జట్టు 10 వికెట్ల తేడాతో ఓడింది. 1880 సెప్టెంబర్‌లో ఓవల్‌లో ఇంగ్లండ్ గడ్డ మీద మొట్టమొదటి టెస్ట్. డబ్ల్యూజీ గ్రేస్ 152, హారిస్ 52, ఇంగ్లండ్ 5 వికెట్ల తేడాతో గెలిచింది. 1884లో మళ్ళీ ఓవల్‌లో ఆస్ట్రేలియా వాళ్ళు 551 కొట్టి ఇంగ్లండ్ బౌలర్లను పిండేస్తే, దిక్కుతోచక జట్టులోని 11 మంది చేతా బౌలింగ్ వేయించాడు. వికెట్ కీపర్ ఆల్‌ఫ్రెడ్ లిటిల్‌టన్ ప్యాడ్లు కట్టుకునే వచ్చి అండర్‌ఆర్మ్ బంతులు వేసి 19 పరుగులకు 4 వికెట్లు తీశాడు. రెగ్యులర్ బౌలర్ల మొహాలు ఆ సాయంత్రం ఎలా ఉండుంటాయో ఊహించుకోండి.

సిడ్నీలో జనం ఆయన్ని కొట్టారట?

కర్రతో ఒక దెబ్బ వేశారు. 1879 ఫిబ్రవరి 8, శనివారం, న్యూ సౌత్ వేల్స్ జట్టుతో మ్యాచ్. హారిస్ జట్టు 267 చేసింది, వాళ్ళు 177కు ఆలౌటై ఫాలోఆన్ ఆడుతున్నారు. మొదటి ఇన్నింగ్స్‌లో చివరిదాకా నిలబడి 82 కొట్టిన బిల్లీ మర్డాక్ మీదే సిడ్నీ ఆశలన్నీ. అతన్ని జార్జ్ కూల్టార్డ్ అనే అంపైర్ రనౌట్ ఇచ్చాడు. ఈ కూల్టార్డ్ మెల్‌బోర్న్ నుంచి హారిస్ వెంట వచ్చిన కుర్రాడు. సిడ్నీ, మెల్‌బోర్న్ వాళ్ళకు అసలే పడదు. పైగా స్టాండ్స్‌లో బహిరంగంగా పందాలు, ఇంగ్లండ్ గెలిస్తే డబ్బు పోయేవాళ్ళు బోలెడుమంది.

ఇంకేముంది, జనం కంచె దాటి మైదానంలోకి వచ్చేశారు. గుంపులో ఒకడు హారిస్‌ను కర్రతో కొట్టాడు. పక్కనే ఉన్న సహచర ఆటగాడు హార్న్‌బీ వాణ్ణి పట్టుకుని, చొక్కా చిరుగుతున్నా వదలకుండా పెవిలియన్ దాకా లాక్కెళ్ళాడు. అంపైర్‌ను మార్చమని అవతలి కెప్టెన్ అడిగితే హారిస్ ససేమిరా అన్నాడు. మైదానం వదిలిపెడితే మ్యాచ్ పోయినట్టు లెక్క కడతారని అక్కడే నిలబడ్డాడు. జనం మళ్ళీ మళ్ళీ దూసుకొస్తుంటే ఇక ఆ రోజుకు ఆట ఆగిపోయింది. సోమవారం మళ్ళీ మొదలైంది, వాన పడిన పిచ్ మీద సిడ్నీ వాళ్ళు 49కి కుప్పకూలి ఇన్నింగ్స్ 41 పరుగుల తేడాతో ఓడారు.

ఆ మ్యాచ్‌లో రెండో అంపైర్ ఎడ్మండ్ బార్టన్. తర్వాత ఆస్ట్రేలియాకు మొదటి ప్రధాని అయ్యాడు.

ఇందులో నాకు హారిస్ మీద గౌరవమే కలుగుతుంది. మొండితనమే అనుకోండి, కానీ తన అంపైర్‌ను గుంపుకు వదిలేయలేదు. ఆ తర్వాత ఇంగ్లండ్ పత్రికల్లో అచ్చయిన ఆయన ఉత్తరంలో మాత్రం కోపం బుసలు కొట్టింది. రెండో టెస్ట్ జరగాల్సింది, అది రద్దయింది.

త్రో బౌలింగ్ మీద యుద్ధం చేసింది ఈయనేనా?

ఈయనే. బంతిని బౌల్ చేయకుండా మోచెయ్యి వంచి విసిరే బౌలర్లు అప్పట్లో కౌంటీల్లో ఉండేవారు, అంపైర్లేమో చూసీ చూడనట్టు పోయేవారు. లాంకషైర్ ఫాస్ట్ బౌలర్ క్రాస్‌లాండ్ అందులో ముఖ్యుడు. 1884లో అతన్ని టెస్ట్‌కు పిలిచారని హారిస్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడనన్నాడు. 1885లో కెంట్ చేత లాంకషైర్‌తో రెండో మ్యాచే మాన్పించాడు, గెలుపు అవతలి వాళ్ళకు పోయినా పట్టించుకోలేదు. తమాషా ఏమిటంటే చివరికి క్రాస్‌లాండ్ ఆట కట్టింది చెయ్యి వంకర వల్ల కాదు, లాంకషైర్‌లో కాపురం లేడన్న నివాస నిబంధన వల్ల. ఈ నివాస నిబంధన సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మన్కడింగ్ కూడా చేశాడంటారు?

చేశాడు, అదీ ఆ పేరుకు కారణమైన మన వినూ మన్కడ్ పుట్టకముందే. 1870లో లార్డ్స్‌లో ఈటన్, హారో స్కూళ్ళ మ్యాచ్. బంతి వేయకముందే క్రీజు వదిలి ముందుకెళ్ళిన హారో కుర్రాణ్ణి రనౌట్ చేశాడు. నిబంధన నిబంధనే అన్నది ఆయన లెక్క. అశ్విన్ చేస్తే ఆట మర్యాద పోయిందని గుండెలు బాదుకున్న ఇంగ్లిష్ అభిమానులకు ఈ సంగతి చెప్పి చూడండి.

బొంబాయిలో పోలో గొడవ ఏమిటి?

హారిస్ రాకముందే మొదలైన గొడవ ఇది. కోట పక్కనున్న పెద్ద మైదానంలో, ఇప్పటి ఆజాద్ మైదాన్ వైపు, పార్సీ, హిందూ కుర్రాళ్ళు క్రికెట్ ఆడుకునేవారు. పక్కనే తెల్లవాళ్ళకు మాత్రమే ప్రవేశం ఉన్న ఆటల క్లబ్బు, బొంబాయి జింఖానా. అందులోని దొరలు ఇదే మైదానంలో గుర్రాలెక్కి పోలో ఆడేవారు. గుర్రపు డెక్కలు తొక్కిన నేల మీద బంతి పడితే ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి, మొహం పగలకుండా బయటపడటమే గొప్ప. దొరలకు పచ్చటి సొంత క్రికెట్ గ్రౌండ్ విడిగా ఉంది, దాని జోలికి గుర్రాలు పోవు.

1880ల మొదట్లోనే పార్సీలు అర్జీలు పెట్టారు. ఒకసారి పోలో ఆపారు, మళ్ళీ అనుమతించారు. కొత్త గవర్నర్ స్వయంగా ఇంగ్లండ్ కెప్టెన్ కదా, క్రికెట్ ఆడేవాడి బాధ ఆయనకు తెలియదా అనుకుని 1890లో వెయ్యి మందికి పైగా సంతకాలు పెట్టి ఇంకో అర్జీ ఇచ్చారు. తోసిపుచ్చాడు.

ఇది జరిగిన ఏడాదే, ఆయన పదవిలోకి రావడానికి రెండు మూడు నెలల ముందు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెర్నన్ జట్టును పార్సీలు ఓడించారు. అంటే ఆట నేర్పించడానికి గవర్నర్ రావాల్సిన పరిస్థితేమీ లేదు. వాళ్ళు అడిగింది నేల చదునుగా ఉంచమని, అంతే.

మరి మెరైన్ డ్రైవ్ మీద జింఖానాలకు స్థలాలు ఇచ్చింది ఆయనే కదా?

ఇచ్చాడు, ఇష్టం లేకుండా ఇచ్చాడు. సముద్రం పక్కన పూడ్చిన నేలలో పార్సీ జింఖానాకు అప్పటికే స్థలం దక్కింది. 1892లో ముస్లింలు మాకూ కావాలన్నారు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి లేదంటే బాగోదు కాబట్టి ఒప్పుకున్నాడు. ఫైలు మీద ఆయన రాసిన నోట్ సారాంశం ఇది: వీళ్ళను కాదనలేం, కానీ ఒక్కో జాతికి ఒక్క జింఖానా ఏర్పడ్డాక ఇక ఎవరడిగినా ఇచ్చేది లేదు, మీ వాళ్ళ జింఖానా ఉందిగా అందులో చేరండి అని చెప్పేస్తాను. ఆ తర్వాత హిందూ జింఖానా వచ్చింది, 1894లో.

ఆ నోట్‌లో పెద్ద కుట్ర ఏదీ నాకు కనపడదు, అర్జీలు వదిలించుకుందామనుకున్న అధికారి విసుగు కనపడుతుంది. కానీ దాని ఫలితం యాభై ఏళ్ళు నడిచింది. ఆట ఆడాలంటే నువ్వు ముందు ఏ మతం వాడివో చెప్పాలి. 1892లో యూరోపియన్లు, పార్సీల మధ్య మొదలైన ప్రెసిడెన్సీ మ్యాచ్‌లోకి 1907లో హిందువులు, 1912లో ముస్లింలు, 1937లో మిగతావాళ్ళు చేరారు. 1940లో గాంధీజీ ఇది మంచిది కాదని చెప్పాల్సి వచ్చింది. 1946తో ఆగింది.

మన సీకే నాయుడు పేరు మోగిపోయింది కూడా ఈ పద్ధతిలోనే. నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాడు, 1926 డిసెంబర్‌లో బొంబాయి జింఖానా మైదానంలో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో 153 కొట్టాడు. ఆడింది ఏ జట్టుకు? "హిందూస్" జట్టుకు.

పూనాలో పల్వంకర్ బాలూ కథ ఇంకా చేదు. దళితుడు, మొదట దొరల క్లబ్బులో పిచ్ రోలర్ లాగి, నెట్స్‌లో వాళ్ళకు బంతులు వేసి, దేశంలోనే గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. పూనా హిందువుల జట్టులోకి తీసుకున్నారు సరే, టీ విరామంలో మిగతావాళ్ళకు పింగాణీ కప్పులు, అతనికి పెవిలియన్ బయట మట్టి ముంత. మతం గీతలు దొరలు గీస్తే, కులం గీతలు మనవాళ్ళే గీసుకున్నారు.

1893 అల్లర్లప్పుడు క్రికెట్ చూస్తూ కూర్చున్నాడా?

1893 ఆగస్టు 11, శుక్రవారం నమాజు తర్వాత బొంబాయిలో హిందూ ముస్లిం అల్లర్లు మొదలయ్యాయి. అంతకుముందు కాఠియావాడ్‌లోని ప్రభాస్ పాటణ్‌లో జరిగిన గొడవల సెగ ఇక్కడికి తగిలింది. 70 మందికి పైగా చనిపోయారు, సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. గవర్నర్ ఎక్కడున్నాడు? పూనా దగ్గర గణేశ్‌ఖిండ్‌లో. వానాకాలం గవర్నర్లు అక్కడ ఉండటం మామూలే, అందులో తప్పులేదు. హారిస్ అక్కడ క్రికెట్ పోటీలు పెట్టించేవాడు. తప్పెక్కడంటే, అల్లర్లు మొదలైన తొమ్మిదో రోజుకు గానీ బొంబాయి రాలేదు, వచ్చింది కూడా ముఖ్యంగా ఒక క్రికెట్ మ్యాచ్ కోసం.

అప్పటి పత్రికలు వదిలిపెట్టలేదు. ఆయన దిగిపోయేటప్పుడు ఆయన పాలన మీద వచ్చిన పత్రికల రాతలన్నీ పోగుచేసి ఒక సంకలనం కూడా వేశారు, గడిచిన వందేళ్ళలో ఇంతగా తిట్లు తిన్న బొంబాయి గవర్నర్ లేడని ముందుమాటలోనే రాశారు.

అయితే "భారత క్రికెట్‌కు పెద్దదిక్కు" అనే పేరు ఎలా వచ్చింది?

కొంత ఆయనే చెప్పుకున్నాడు, మిగతాది ఎంసీసీ వైపు నుంచి రాసినవాళ్ళు పెంచారు. గవర్నర్ స్వయంగా ప్యాడ్లు కట్టి మైదానంలోకి దిగడం వల్ల ఆటకు హోదా పెరిగిన మాట నిజమే, దాన్ని కాదనను. రాజాలు, నవాబులు క్రికెట్ మీద పడటానికి అదీ ఒక కారణం కావచ్చు. కానీ భారతీయుల మీద ఆయన నమ్మకం ఎంతంటే, ఓపిక విషయంలో వీళ్ళు ఎప్పటికీ ఇంగ్లిష్ వాళ్ళకు సాటిరారని రాశాడు. ద్రావిడ్, పుజారా ఆయన కాలంలో లేకపోవడం ఆయన అదృష్టం.

రంజీని ఆడనివ్వనిది ఈయనేనా?

1896లో ఆస్ట్రేలియాతో లార్డ్స్ టెస్ట్‌కు, ఇంగ్లండ్‌లో ఆడుతున్న మన రంజిత్‌సింహ్‌జీని ఎంసీసీ ఇంగ్లండ్ జట్టులోకి తీసుకోలేదు. అప్పట్లో టెస్ట్ ఏ మైదానంలో జరిగితే జట్టును ఆ మైదానం వాళ్ళే ఎంపిక చేసేవారు. అంతకుముందు ఏడాదే ఎంసీసీ ప్రెసిడెంట్ అయిన హారిస్ మీదే చాలామంది వేలు చూపిస్తారు. మరుసటి టెస్ట్‌కు లాంకషైర్ వాళ్ళు పిలిచారు, రంజీ 62, అజేయంగా 154 కొట్టాడు. ఇక ఎవరూ నోరెత్తలేదు.

వాలీ హామండ్‌తో తగాదా?

ఇక్కడ వస్తుంది నివాస నిబంధన: ఒక కౌంటీకి ఆడాలంటే అక్కడ పుట్టాలి, లేదా కొంతకాలం అక్కడ కాపురం ఉండాలి. తర్వాత ఇంగ్లండ్ మేటి బ్యాట్స్‌మన్ అయిన హామండ్ 1903లో డోవర్‌లో పుట్టాడు, అది కెంట్‌లో ఉంది. చదివింది, క్రికెట్ మొదలుపెట్టింది గ్లాస్టర్‌షైర్ వైపు. కెంట్‌లో పుట్టినవాడు అటు ఆడటానికి అర్హత లేదని 1922లో హారిస్ పట్టుబట్టాడు, నివాస గడువు పూర్తయ్యేదాకా కుర్రాడు కౌంటీ మ్యాచ్‌లకు దూరంగా కూర్చున్నాడు. ఒక ప్రభువు లార్డ్స్ పెవిలియన్‌లోనే హారిస్‌ను నిలదీసి, ఇంకో కుర్రాడి భవిష్యత్తు నాశనం చేశావని బూతు కలిపి మరీ అభినందించాడని కథ.

ఇంతకీ హారిస్ పుట్టింది ఎక్కడ? ట్రినిడాడ్‌లో. ఆడింది? కెంట్‌కు. బెల్‌మాంట్ బంగళా ఉండబట్టి ఆయనకు అర్హత వచ్చింది. సైనికుడి కొడుకు హామండ్‌కు తాతల నాటి బంగళాలు లేవు. నిబంధన ఎంత కచ్చితంగా పాటించినా, అది అందరికీ ఒకేలా తగలదు.

బొంబాయి తర్వాత ఏం చేశాడు?

విక్టోరియా రాణి కొలువులో కొన్నాళ్ళు, బోయర్ యుద్ధంలో కొన్నాళ్ళు, దక్షిణాఫ్రికా బంగారు గనుల కంపెనీ కన్సాలిడేటెడ్ గోల్డ్ ఫీల్డ్స్‌కు చాలా ఏళ్ళు ఛైర్మన్. 1916 నుంచి చనిపోయేదాకా ఎంసీసీ కోశాధికారి, అంటే లార్డ్స్‌లో అసలు పెత్తనం. 80 ఏళ్ళు నిండిన రోజున, క్రికెట్ కంటే స్వచ్ఛమైన ఆట లేదంటూ యువతకు సందేశంగా పత్రికకు ఉత్తరం రాశాడు. ఆయన పోయిన మూడు నెలలకు లార్డ్స్‌లో భారత్ మొదటి టెస్ట్ ఆడింది, కెప్టెన్ సీకే నాయుడు.

ఇలా ఆట నుంచి అధికారానికి వెళ్ళినవాళ్ళు ఇంకా ఉన్నారా?

బోలెడు. పైన చెప్పిన కీపర్ లిటిల్‌టన్ ఫుట్‌బాల్‌లో కూడా ఇంగ్లండ్‌కు ఆడాడు, 1903లో బ్రిటన్ వలసల మంత్రి అయ్యాడు. ఇంగ్లండ్ కెప్టెన్ స్టాన్లీ జాక్సన్ బెంగాల్ గవర్నర్ అయ్యాడు, 1932లో కలకత్తా విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో విప్లవకారిణి బీనా దాస్ అతని మీద కాల్పులు జరిపింది, తప్పించుకున్నాడు. మనకు బాగా దగ్గరివాడు విల్లింగ్డన్. కేంబ్రిడ్జ్ కెప్టెన్, ససెక్స్ ఆటగాడు, బొంబాయి గవర్నర్, 1919 నుంచి మద్రాసు గవర్నర్, తర్వాత వైస్రాయ్. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు ఎత్తుకెళ్ళినప్పుడు మద్రాసులో కుర్చీలో ఉన్నది ఈయనే.

హారిస్ ఆనవాళ్ళు ఇప్పుడు చూడాలంటే?

పుణె విశ్వవిద్యాలయం ప్రధాన భవనం అప్పటి గణేశ్‌ఖిండ్ గవర్నర్ బంగళాయే. ముంబైలో మెరైన్ డ్రైవ్ వెంట నడిస్తే పార్సీ, హిందూ, ఇస్లాం జింఖానాలు దాదాపు ఒకే వరుసలో కనిపిస్తాయి. పెళ్ళిళ్ళ సీజన్‌లో వెళ్తే లైట్లు, షామియానాలే ఎక్కువ. లార్డ్స్ టూర్‌కు వెళ్ళేవాళ్ళు పెవిలియన్ వెనకున్న హారిస్ గార్డెన్ చూడొచ్చు. ఇక హారిస్ షీల్డ్ మ్యాచ్‌లు చూడటానికి టికెట్ అక్కర్లేదు. 2013లో పృథ్వీ షా 546 కొట్టింది ఆజాద్ మైదాన్‌లో ఈ టోర్నీలోనే. ఒకేసారి పక్కపక్కనే చాలా మ్యాచ్‌లు జరుగుతుంటాయి, కాబట్టి పక్క మ్యాచ్ నుంచి వచ్చే బంతిని మాత్రం ఓ కంట కనిపెట్టండి.